మీకు తెలుసా? తాబేలు గుడ్డును దొర్లించకూడదు

పొదుగు మీదున్న కోడిపెట్ట రోజూ ముక్కుతో గుడ్లను అటూ ఇటూ దొర్లిస్తూనే ఉంటుంది. దొర్లించకపోతే లోపలి పిండం పొరకు అంటుకుపోయి చచ్చిపోతుంది. తాబేలు, మొసలి గుడ్ల సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. వాటిలో పెట్టిన కొద్ది గంటలకే పిండం పైభాగాన పెంకు లోపలి పొరకు అతుక్కుంటుంది. ఆ తర్వాత గుడ్డును తిరగేస్తే పిండం బతకదు. అందుకే మొసలి గూటిలోంచి గుడ్లు తీసే పరిశోధకులు ముందు ఒక్కో గుడ్డు పైవైపున పెన్సిలుతో గీత పెట్టి, ఆ గీత పైకే ఉండేలా పెట్టెలో పేర్చుకుంటారు. కుక్కలు తవ్విపోస్తాయని జాలిపడి, గుడ్లను గంపలో కుమ్మరించుకొచ్చి మరో చోట పాతిపెడితే ఆ జాలి వల్లే అవి పోతాయి.

సరీసృపాలు, ఉభయచరాల విషయంలో ఇలా వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిన కథలు బోలెడు. ఈసారి అలాంటివే ఏరాను.

ఆడా మగా తేల్చేది ఇసుకే

మనిషి బిడ్డ ఆడో మగో క్రోమోజోములు తేలుస్తాయి. సముద్రపు తాబేళ్లలో ఆ పని గూటి వేడిది. గూడు చల్లగా ఉంటే మగ పిల్లలు, వెచ్చగా ఉంటే ఆడ పిల్లలు. 29, 30 డిగ్రీల ప్రాంతంలో సగం సగం. మొసళ్లలో ఇంకో తిరకాసు ఉంది: గూడు చల్లగా ఉన్నా, మరీ వేడెక్కినా ఎక్కువగా ఆడవే పుడతాయి, నడిమధ్య వేడిలోనే మగవి. ఈ వింతను మొదట గమనించింది మదలీన్ షార్నియే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త. 1966లో సెనెగల్‌లో తొండ జాతి బల్లి మీద ఆమె రాసిన ఆ చిన్న వ్యాసాన్ని చాలాకాలం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

పట్టించుకోనందుకు మూల్యం చెల్లించింది కెంప్స్ రిడ్లే అనే సముద్రపు తాబేలు. ఇది మన తీరానికి వచ్చే ఆలివ్ రిడ్లేకు దగ్గరి చుట్టం. 1947లో మెక్సికోలోని రాంచో న్యూవో తీరంలో తీసిన ఒక ఫిల్ములో ఒకే రోజున సుమారు 40,000 ఆడ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కినట్టు లెక్కగట్టారు. 1985 వచ్చేసరికి ఏడాది మొత్తానికి దొరికిన గూళ్లు 702. ఒక్క తీరం మీదే ఆశ పెట్టుకుంటే ప్రమాదమని 1978 నుంచి కొన్ని గుడ్లను అమెరికాలోని టెక్సాస్‌కు, పాడ్రే దీవికి తరలించారు. అక్కడి ఇసుకలో పుట్టి, అక్కడి నీళ్లలో దిగితే పెద్దయ్యాక అక్కడికే తిరిగొస్తాయని ఆలోచన. ఆలోచనలో తప్పేం లేదు. అయితే గుడ్లను పొదిగించింది ఫోము పెట్టెల్లో. ఆ పెట్టెలు తీరపు ఇసుకంత వేడెక్కలేదు. మొదటి కొన్నేళ్లు పుట్టినవాటిలో అత్యధికం మగవే. ఒడ్డెక్కి గుడ్లు పెట్టేది ఆడవి మాత్రమే కదా! పందిరి నిండా పెళ్లికొడుకులే, ఒక్క పెళ్లికూతురూ లేని పెళ్లిలా తయారైంది వ్యవహారం. సంగతి అర్థమయ్యాక 1985 నుంచి వేడి పెంచారు, ఆడ పిల్లలు పుట్టాయి. 1996లో ఆ ప్రయోగంలో పుట్టిన తాబేళ్లు పాడ్రే దీవికి వచ్చి గుడ్లు పెట్టడం మొదటిసారి నమోదైంది. అంటే అసలు ఆలోచన నెగ్గింది, పెట్టెల సంగతి తెలియక కొన్నేళ్లు పోయాయి.

ఇప్పుడు భయం అటువైపు నుంచి. ఆస్ట్రేలియా గ్రేట్ బారియర్ రీఫ్ ఉత్తర భాగంలో పుట్టిన పచ్చ తాబేళ్లను పరిశీలిస్తే చిన్న వయసువాటిలో 99 శాతానికి పైగా ఆడవేనని 2018లో ప్రచురించారు. అక్కడ మగవి కరవు. మన శ్రీకాకుళం, విశాఖ తీరాల్లో తాబేళ్ల హేచరీలు నడిపేవాళ్లకు ఇందులో పనికొచ్చే సంగతి ఒకటుంది. కంచె లోపల పందిరి వేసి నీడ పట్టాలా, ఎంత పట్టాలి అన్నది ఎండలో పనిచేసే మనుషుల సౌకర్యం చూసి తేల్చేది కాదు. ఆ ఏడు పిల్లల్లో ఎన్ని ఆడవో ఎన్ని మగవో దాన్నిబట్టే ఉంటుంది. థర్మామీటరు అక్కడ తట్ట, పార అంత ముఖ్యమైన పనిముట్టు.

వదిలిన కప్పతో పాటు జబ్బు

స్పెయిన్‌కు చెందిన మయోర్కా దీవిలో ఒక బుల్లి కప్ప ఉంది. మగ కప్ప గుడ్ల దండను వెనక కాళ్లకు చుట్టుకుని మోస్తుంది. శాస్త్రజ్ఞులు దీన్ని మొదట శిలాజాల్లోనే చూసి అంతరించిందనుకున్నారు. 1980లో కొండ లోయల్లో బతికున్నది దొరికింది. సంబరపడి, బయట పెంచి పిల్లల్ని చేయించి మళ్లీ దీవిలో వదిలారు. జాతి కోలుకుంది కూడా. కానీ ఆ పిల్లలతో పాటు కైట్రిడ్ అనే శిలీంధ్రాన్నీ దీవికి మోసుకెళ్లారని 2008లో బయటపడింది. పెంపక కేంద్రంలో అదే గదిలో ఉంచిన దక్షిణాఫ్రికా కప్పల నుంచి అది అంటుకుంది.

  

కైట్రిడ్ చిన్న జబ్బేం కాదు. కప్ప తన చర్మంతోనే నీళ్లు తాగుతుంది, లవణాల సమతూకం చూసుకుంటుంది. శిలీంధ్రం ఆ చర్మాన్నే దెబ్బతీస్తే చివరికి గుండె ఆగిపోతుంది. ఈ రోగం వల్ల కనీసం 501 ఉభయచర జాతులు తగ్గిపోయాయని, వాటిలో 90 పూర్తిగా పోయినట్టేనని 2019లో లెక్క తేల్చారు. మయోర్కాలో మాత్రం పరిశోధకులు పట్టు వదల్లేదు. తోకకప్పలన్నిటినీ పట్టి, మన దగ్గర తామరకు వాడే ఇట్రాకొనజోల్ మందు నీళ్లలో ముంచారు. ముందు ఆ ఒక్క పనే చేస్తే జబ్బు తిరగబెట్టింది. దాంతో కుంటలు తోడేసి, రాళ్లను కూడా క్రిమిసంహారకంతో కడిగి, తర్వాతే కప్పల్ని వదిలారు. అడవిలో ఒక ప్రాంతం నుంచి కైట్రిడ్‌ను తుడిచిపెట్టగలిగారని 2015లో ప్రకటించారు. ప్రపంచంలో అదే మొదటిసారి. కుంట నుంచి కుంటకు తిరిగే కప్పల పరిశోధకులు దారిలో ఆగి బూట్లు మందునీళ్లతో కడుక్కోవడం వెనక ఇంత కథ ఉంది.

మన బోదురుకప్ప, అండమాన్‌లో విలన్

వానాకాలం మన పొలాల్లో పసుప్పచ్చగా మారి గోల చేసే బోదురుకప్ప కాళ్లు ఒకప్పుడు ఏటా వేల టన్నులు విదేశాలకు వెళ్లేవి. 1987లో ప్రభుత్వం ఎగుమతిని నిషేధించింది. మంచి పని. అదే కప్ప, బహుశా పెంపకపు చేపపిల్లలతో కలిసి, అండమాన్ చేరింది. అక్కడ దాని తోకకప్పలు స్థానిక కప్పల తోకకప్పల్ని తినేస్తున్నాయని పరిశోధనలో తేలింది. ఇక్కడ కాపాడాలి, అక్కడ అదుపు చేయాలి, ప్రాణి మాత్రం ఒకటే.

మంజీరాలో మొసళ్లు, చంబల్‌లో చావులు

1975లో మొదలైన దేశవ్యాప్త మొసళ్ల ప్రాజెక్టుకు మన హైదరాబాద్ ఒక కేంద్రం. మొసళ్ల పెంపకం, సంరక్షణ నేర్పడానికి 1980లో కేంద్ర ప్రభుత్వ శిక్షణ సంస్థ ఇక్కడే పెట్టారు. నగరానికి తాగునీరిచ్చే మంజీరాలో మగర్ మొసళ్లు నిలదొక్కుకున్నాయి. ఘరియాల్ అనే మరో మొసలి కథ వేరు. పెంచి వేల పిల్లల్ని నదుల్లో వదిలినా, సంతానం కనగల పెద్దవాటి సంఖ్య 1997లో 436 అనుకున్నది 2006కి 182కు పడింది. ఇసుక తవ్వితే గూడు పెట్టే ఒడ్డు లేదు, వలలు పన్నితే మునిగిన మొసలి తేలదు. 2007-08 చలికాలంలో చంబల్ నదిలో వందకు పైగా ఘరియాల్‌లు మూత్రపిండాలు చెడి చచ్చిపోయాయి. పిల్లల్ని లెక్కపెట్టి సంతోషించడం తేలిక. నది బాగోగులు చూడకపోతే లారీల కొద్దీ పిల్లల్ని వదిలినా చాలదు.

పామును ఎంత దూరం వదలాలి?

గిరినాగును పట్టిన వెంటనే ఎంత దూరం తీసుకెళ్లి వదిలితే అంత మంచిదని ఉత్తరాంధ్ర ఏజెన్సీ గ్రామాల్లోనే కాదు, ఎక్కడైనా అనుకుంటాం. కర్ణాటకలోని అగుంబెలో 2008 నుంచి రేడియో ట్రాన్స్‌మిటర్లు అమర్చి వెంటాడిన పరిశోధకులకు వేరే సంగతి కనిపించింది. సొంత అడవిలో ఉన్న పాముకు దారులు తెలుసు, దూరంగా వదిలినది దిక్కు తోచక చాలా ఎక్కువ తిరుగుతుంది. తిరిగిన కొద్దీ మళ్లీ ఇళ్ల మధ్యకు వచ్చే అవకాశమే ఎక్కువ. ఆకులు పోగుచేసి గూడు కట్టే పాము ప్రపంచంలో ఇదొక్కటే కాబట్టి, గూడు కనబడితే దాన్ని అలాగే ఉంచి చుట్టూ కంచె కట్టడం పామును పట్టడం కంటే తెలివైన పని.

బిళ్ల నంబరు 03233

ఒడిశా గహిర్మఠ తీరంలో 2021 మార్చిలో ఒక ఆలివ్ రిడ్లే రెక్కకు ఈ నంబరు తగిలించారు. 2025 జనవరిలో అదే తాబేలు మహారాష్ట్రలోని గుహాగర్ ఒడ్డున గుడ్లు పెడుతూ దొరికింది. తూర్పు తీరం తాబేళ్లు వేరు, పడమటి తీరం తాబేళ్లు వేరు అన్న నమ్మకానికి అది గట్టి దెబ్బ. శ్రీలంకను చుట్టి వెళ్లిందా, పాంబన్ సందులోంచి దూరిందా అని ఇప్పటికీ వాదనే. ఎందుకంటే తగిలించింది ఉత్త లోహపు బిళ్ల, దారి చూపే ఉపగ్రహ ట్యాగు కాదు.