రాజనీతి శాస్త్రంలో జెండర్ అధ్యయనం

రాజనీతి శాస్త్రంలో జెండర్ అధ్యయనం అనగా రాజ్యం, అధికారం, ప్రాతినిధ్యం, పౌరసత్వం వంటి విషయాలను స్త్రీ పురుష సంబంధాల దృష్టితో పరిశీలించే శాఖ. పుట్టుకతో వచ్చే శారీరక భేదాన్ని లింగం అనీ, సమాజం స్త్రీకీ పురుషునికీ వేరువేరుగా నిర్ణయించిన పాత్రలను జెండర్ (లింగభావం) అనీ అంటారు. ఓటు, పదవి, అధికారం ఈ మూడూ ఒకటి కావనీ, ఒకటి లభించినంత మాత్రాన తక్కినవి వాటంతట అవే రావనీ ఈ అధ్యయనం చెబుతుంది. ఉమ్మడి చిత్తూరు జిల్లా పడమటి మండలాలలోని మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల ద్వారా ఈ మూడింటినీ అర్థం చేసుకోవచ్చును.

నేపథ్యం

రాజనీతి శాస్త్రం చాలాకాలం శాసనసభలను, పార్టీలను మాత్రమే రాజకీయంగా పరిగణించింది. ఇల్లు సొంత విషయంగా మిగిలిపోయింది. ఇంటిపని ఎవరిది అన్న దానిపైనే సభకు ఎవరు వెళ్ళగలరన్నది ఆధారపడుతుందని స్త్రీవాదులు వాదించారు. కెరోల్ పేట్‌మన్ 1988లో ప్రచురించిన గ్రంథం సామాజిక ఒడంబడిక సిద్ధాంతాన్ని ఈ దృష్టితో విమర్శించింది. భారతదేశంలో స్త్రీల స్థితిగతులపై 1974లో వెలువడిన ప్రభుత్వ సంఘం నివేదిక ఈ అధ్యయనానికి బలమిచ్చింది.

ఓటు హక్కు

మదనపల్లెలో అనీ బిసెంట్ 1915లో స్థాపించిన కళాశాలకు జేమ్స్ కజిన్స్ ప్రిన్సిపాలుగా పనిచేశాడు. ఆయన భార్య మార్గరెట్ కజిన్స్ ఐర్లండులో స్త్రీల ఓటు హక్కు కోసం పోరాడి జైలుకు వెళ్ళిన వ్యక్తి. 1919లో మదనపల్లెలో జనగణమన బాణీకి స్వరాలు వ్రాసినది ఈమెయే. 1917లో అడయారులో ఏర్పడిన భారత మహిళా సంఘం స్థాపకులలో ఈమె ఒకరు. అదే సంవత్సరం డిసెంబరులో సరోజినీ నాయుడు నాయకత్వాన ఒక ప్రతినిధి వర్గం మద్రాసులో మాంటేగును కలిసి స్త్రీలకు ఓటు హక్కు కోరింది. మద్రాసు శాసనమండలి 1921లో ఆ హక్కును ఇచ్చింది. అయితే ఆస్తి, పన్ను వంటి అర్హతల వలన అది కొద్దిమందికే దక్కింది. వయోజనులందరికీ ఓటు రాజ్యాంగంతో వచ్చింది.

పదవి

73వ రాజ్యాంగ సవరణ 1993లో అమలులోకి వచ్చి పంచాయతీలలో మూడవ వంతు స్థానాలను స్త్రీలకు కేటాయించింది. ఆంధ్ర ప్రదేశ్‌లో 1994 పంచాయతీరాజ్ చట్టం దీనిని అమలుపరచింది. 2011లో ఈ వాటా సగానికి పెరిగింది. మదనపల్లె, పుంగనూరు పరిసర గ్రామ పంచాయతీలకు ఈ వాటా వర్తిస్తుంది. 2021లో తొలిసారి ఎన్నికలు జరిగిన కుప్పం పురపాలక సంఘంలోనూ స్త్రీలకు వార్డులు కేటాయించబడ్డాయి. లోక్‌సభ, శాసనసభలలో మూడవ వంతు స్థానాలకై 2023లో 106వ సవరణ చేయబడింది.

అధికారం

సభలో స్త్రీలు ఉండడం వేరు, స్త్రీల అవసరాలు నెరవేరడం వేరు. హన్నా పిట్కిన్ 1967లో ప్రాతినిధ్యంలోని ఈ భేదాన్ని విశదీకరించింది. సర్పంచి స్త్రీ అయినా సమావేశంలో భర్తయో, కుమారుడో మాట్లాడడం అనేక చోట్ల కనబడుతుంది. అయితే పశ్చిమ బెంగాల్, రాజస్థాన్ పంచాయతీలపై రాఘవేంద్ర చటోపాధ్యాయ, ఎస్తేర్ డఫ్లో 2004లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, స్త్రీలకు కేటాయించిన పంచాయతీలు తాగునీటిపై ఎక్కువ ఖర్చు చేశాయి. వర్షాభావం తరచు ఎదురయ్యే పడమటి మండలాలలో నీరు మోసేది ఎక్కువగా స్త్రీలే కనుక ఈ ఫలితం ఇక్కడివారికి సులభంగా బోధపడుతుంది.

కావున గెలిచిన స్త్రీలను లెక్కించడంతో ఈ అధ్యయనం ఆగదు. గ్రామసభలో ఎవరు మాట్లాడారు, సంతకానికి ముందు నిర్ణయం ఎవరిది, నిధులు దేనికి వెళ్ళాయి అన్న ప్రశ్నలు ఇందులో ముఖ్యమైనవి.

ఇవి కూడా చూడండి

మార్గరెట్ కజిన్స్
పంచాయతీరాజ్ వ్యవస్థ
స్త్రీవాదం