పరదేశపు అతిథి మన గ్రామసభకు వచ్చినచో

రైతు సోదరులారా, ఇందల్వాయి ప్రక్కనుండి పోవు 44వ నంబరు జాతీయ రహదారి పట్టి దక్షిణమునకు పోయినచో హైదరాబాదు చేరుదురు. అచ్చట రాజేంద్రనగరులో జాతీయ గ్రామీణాభివృద్ధి, పంచాయతీరాజ్ సంస్థ కలదు. 1958లో ముస్సోరీలో పుట్టి, 1960లలో ఇచ్చటికి తరలివచ్చినది. ఆసియా, ఆఫ్రికా దేశముల అధికారులు పలువురు అందులో శిక్షణ పొందిరి. 1964లో మొదలైన సాంకేతిక, ఆర్థిక సహకార పథకము క్రింద వచ్చువారి ఖర్చు మన దేశమే భరించును.

వారికి నేర్పుటకు మనవద్ద ఏమున్నదని మీరడుగవచ్చును. మన పొరపాట్లున్నవి! 1948లో ఆల్బర్ట్ మేయర్ అను అమెరికా వాస్తుశిల్పి సలహాతో ఇటావాలో గ్రామాభివృద్ధి ప్రయోగము జరిగినది. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకము వచ్చినది. బ్లాకులు వచ్చినవి, జీపులు వచ్చినవి. ఊరివారు మాత్రము చూచుచు నిలిచిరి. 1957లో బల్వంతరాయ్ మెహతా సంఘము ఈ లోటు కనిపెట్టి, అధికారము ఎన్నికైనవారికి ఈయవలెనని చెప్పెను. 1959లో నెహ్రూ షాద్‌నగరుకు వచ్చి మన పంచాయతీరాజ్‌ను ప్రారంభించుట ఆ సలహా ఫలమే.

అట్టి అతిథి మీ ఊరికి వచ్చెననుకొనుడు. తోరణములు చూపి పంపకుడు. (తోరణములు కట్టుట మనకెవ్వరును నేర్పనక్కరలేదు.) 2018 చట్టము ప్రకారము రెండు నెలలకొకసారి జరుగవలసిన గ్రామసభ తీర్మానముల పుస్తకము విప్పుడు. ఏది అమలైనదో, ఏది మూలబడినదో దాచక చెప్పుడు. స్త్రీలకు సగము స్థానములున్నవి గదా, సర్పంచమ్మ మాట చెల్లుచున్నదా అని అతడడిగిన, జవాబు ఆమెనే చెప్పనిండు.

మీరును అడుగుడు: వారి ఊళ్లలో పన్ను ఎవరు వసూలు చేయుదురు? కాలువ పూడిక ఎవరు తీయుదురు? లెక్కలు ఎవరు చదివి వినిపింతురు? ఆ జవాబులు కార్యదర్శిచేత అదే పుస్తకములో వ్రాయించి, వచ్చే సభలో చదివించుడు.