నడుము నొప్పికి ఆక్యుపంక్చర్: సూది ఎక్కడ గుచ్చుతారు?

వరినాట్లు వేసే తల్లికీ, బస్తాలు మోసే తండ్రికీ, రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునే మన పూర్వ విద్యార్థికీ ఉమ్మడి బాధ నడుము నొప్పి. దీనికి ఆక్యుపంక్చర్ వైద్యులు బిందువులను ఎలా ఎంచుకుంటారో తెలుసుకుందాం.

ఈ వైద్యం పుట్టినిల్లు చైనా. 1938లో అక్కడి క్షతగాత్రులకు సేవ చేయడానికి మన దేశం నుండి ఐదుగురు డాక్టర్లు వెళ్లారు. వారిలో కోట్నిస్ 1942లో అక్కడే మరణించారు. బి.కె. బసు తరువాతి కాలంలో ఈ విద్యను నేర్చి మన దేశానికి తెచ్చారు.

కొలత: రోగి బొటనవేలి వెడల్పు ఒక 'చున్'. కొలిచేది రోగి వేలితోనే, వైద్యుని వేలితో కాదు. అందుకే పొడవాటివారికైనా, పొట్టివారికైనా లెక్క సరిపోతుంది.

దగ్గరి బిందువులు: తుంటి ఎముకల పైఅంచులను కలుపుతూ గీత గీస్తే అది సుమారుగా నాలుగో నడుము పూస మీదుగా పోతుంది. ఆ పూస కింద, వెన్ను మధ్య నుండి ఒకటిన్నర చున్ పక్కన యు.బి. 25 ఉంటుంది. రెండు పూసలు పైన, అంతే దూరంలో యు.బి. 23 ఉంటుంది. వీటిని రెండు వైపులా తీసుకుంటారు.

దూరపు బిందువులు: మోకాలి వెనుక మడత మధ్యలో యు.బి. 40, బయటి చీలమండకూ మడమ నరానికీ మధ్య యు.బి. 60. నొప్పి నడుములో ఉంటే కాలికి సూది ఎందుకు? యు.బి. మార్గం వెన్ను మీదుగా కాలి వెనుక నుండి చిటికెన వేలి వరకు పోతుందని వారి సిద్ధాంతం. నొప్పి కాలి వెనుకకు పాకితే ఈ మార్గాన్నే ఎంచుతారు. కాలి బయటి పక్కకు పాకితే పిరుదు వద్ద జి.బి. 30, మోకాలి కింద బయటివైపు జి.బి. 34 కలుపుతారు.

ఇది నిజంగా పనిచేస్తుందా? జర్మనీలో 1162 మందిపై చేసిన పరిశోధన 2007లో వెలువడింది. ఆరు నెలల తరువాత అసలు బిందువుల్లో గుచ్చినవారిలో 47.6 శాతం, బిందువులు కాని చోట పైపైన గుచ్చినవారిలో 44.2 శాతం, మామూలు చికిత్స పొందినవారిలో 27.4 శాతం మందికి మేలు కనిపించింది. అంటే సూదులతో ఉపశమనం కలిగింది గాని, ఫలానా చోటే గుచ్చాలన్నది రుజువు కాలేదు. నమ్మకం, వైద్యుని శ్రద్ధ కూడా పనిచేసి ఉండవచ్చు. బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు 2016లో దీన్ని వద్దన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో దీర్ఘకాలిక నడుము నొప్పికి షరతులతో సూచించింది.

కాబట్టి మిత్రులారా, "ఈ ఒక్క బిందువుతో జన్మలో నొప్పి రాదు" అని వేలకు వేలు అడిగేవారిని నమ్మవద్దు. వ్యాయామం మానవద్దు. శిక్షణ పొందినవారి వద్దకే వెళ్లండి, ప్రతిసారీ కొత్త సూదులే వాడమనండి. గర్భిణులైతే ముందే చెప్పాలి.

కాలు బలం తగ్గినా, మలమూత్రాలపై పట్టు తప్పినా, కూర్చునే చోట తిమ్మిరి పట్టినా వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లాలి. నొప్పితో పాటు జ్వరం ఉన్నా, బరువు తగ్గుతున్నా ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించాలి. వెన్నుపూసకు క్షయ సోకినా నొప్పి ఇలాగే మొదలవుతుంది. అక్కడ కావలసింది సూది బిందువు కాదు, సరైన పరీక్ష. ఈ మాట సెలవులకు వెళ్లినప్పుడు ఇంట్లో తప్పక చెప్పండి.