బల్ల మీద బొబ్బిలి యుద్ధం

బొబ్బిలి కథ తెలియని ఇల్లు సాలూరు చుట్టుపక్కల దొరకదు. పెద్దలు బుర్రకథగా విన్నారు, 1964లో వచ్చిన సినిమాగా చూశారు. వింటున్నంతసేపూ బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడి పౌరుషమే మనసు నిండా ఉంటుంది. అయితే యుద్ధం జరిగిన రోజు బొబ్బిలి కోటలోని వాళ్లకు ఏ దారులు మిగిలాయి, బయట మోహరించిన వాళ్లు ఏం లెక్క వేసుకున్నారు అన్న ప్రశ్నలకు కథలో చోటు తక్కువ. వాటికి చోటిచ్చే ఆట ఒకటుంది. అదే చారిత్రక వార్‌గేమ్.

జరిగిన యుద్ధాన్ని నియమాలతో బల్ల మీద మళ్లీ నడిపించడమే ఈ ఆట. ఇందులో రెండు రకాలు. ఒకదానిలో చేత్తో రంగులు వేసిన చిన్న సైనికుల బొమ్మలు కొండలు, ఏర్లు, కోటల నమూనాల మధ్య కదులుతాయి. రెండోదానిలో గడులు గీసిన పటం, అట్టముక్కలే సైన్యాలు. ఏ దళం ఎంత దూరం నడవగలదు, ఎంత దెబ్బ తీయగలదు అన్నది నియమాల్లో ఉంటుంది. యుద్ధంలో ఎదురయ్యే అనుకోని మలుపులను పాచికలు తీసుకొస్తాయి. 1824లో ప్రష్యా సైన్యాధికారి రైస్విట్జ్ ఇలాంటి ఆటకు నియమాలు అచ్చువేశాడు, సైన్యం దాన్ని శిక్షణకు వాడుకుంది. 1913లో రచయిత హెచ్.జి. వెల్స్ బొమ్మ సైనికుల ఆటకు పుస్తకం రాశాడు. అట్టముక్కల ఆటను 1950లలో అమెరికాలో చార్లెస్ రాబర్ట్స్ బజారుకు తెచ్చాడు.

ఈ ఆటగాళ్లు సెలవు రోజుల్లో ఒకచోట చేరే సమ్మేళనాలున్నాయి. లండన్‌లో ‘సెల్యూట్’ 1972లో మొదలైంది. అమెరికాలో ‘హిస్టారికాన్’ పెద్దది. హాలు నిండా బల్లలు, ఒక్కో బల్ల మీద ఒక్కో యుద్ధం. బొమ్మలూ నియమాలూ తెచ్చిన నిర్వాహకుడే కొత్తవాళ్లను కూర్చోబెట్టి నేర్పుతాడు. మూడు నాలుగు గంటల్లో ఆట ముగుస్తుంది. అసలు చర్చ అప్పుడే మొదలవుతుంది: చరిత్రలో ఇలాగే జరిగిందా? జరక్కపోతే ఎందుకు జరగలేదు?

అలాంటి బల్ల మీద బొబ్బిలిని పెడదాం. తేదీ 1757 జనవరి 24. మట్టి గోడల కోట, మూలమూలకో బురుజు. లోపల రాజు రంగారావు, ఆయన మనుషులు. ఆ కాలపు ఆంగ్ల చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ లెక్క ప్రకారం బయట ఫ్రెంచి సేనాని బుస్సీ వెంట 750 మంది ఐరోపా సైనికులు, 4 ఫిరంగులు, విజయనగరం రాజు విజయరామరాజు తరఫున 11,000 మంది. అంకెలు చూస్తే ఆట ముందే తేలిపోయినట్టుంటుంది. కానీ మన పులి-మేక ఆటను గుర్తు చేసుకోండి. మూడు పులులు, పదిహేను మేకలు. పులుల గెలుపు వేరు, మేకల గెలుపు వేరు. బొబ్బిలి పక్షానికి గెలుపంటే శత్రువును తుడిచిపెట్టడం కాదు, నిచ్చెనలెక్కేవాళ్లను బురుజుల దగ్గరే ఆపి, రాజీ బేరం మొదలయ్యేదాకా నిలవడం. అటు కూర్చున్న ఆటగాడికీ ఒక విషయం అర్థమవుతుంది: బుస్సీకి ఈ కోట మీద పగ కంటే విజయరామరాజు స్నేహం అవసరం. ఆ స్నేహమే మరుసటి ఏడాది తలకిందులైంది. పాపారాయుడి చేతిలో విజయరామరాజు చనిపోయాక విజయనగరం గద్దెనెక్కిన ఆనందగజపతి ఇంగ్లీషువాళ్లతో కలిశాడు. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచివారు ఓడారు, ఉత్తర సర్కారులనే ఈ కోస్తా ప్రాంతం వాళ్ల చేయి జారింది.

ఈ ఆటలో దాటకూడని గీత ఒకటుంది. కోట పడిపోయే వేళ లోపలి స్త్రీలూ పిల్లలూ ప్రాణాలు కోల్పోయారు. దానికి పాచిక వేయకూడదు, మార్కులు ఇవ్వకూడదు. బాధ్యత తెలిసిన నిర్వాహకుడు ఆట అంతకుముందే ఆపి, తర్వాత జరిగింది నోటితో చెబుతాడు.

సాలూరులో ఏదైనా కళాశాల హాలు రెండు రోజులు దొరికితే ఈ పని మనమే చేయవచ్చు. కోటకు మట్టి, అడవికి గడ్డి, మనుషులకు అట్టముక్కలు చాలు. మర్నాడు ఉదయం పిల్లల్ని బొబ్బిలి తీసుకెళ్లి 1891లో నిలిపిన యుద్ధ స్మారక స్తంభం చూపించాలి. ముందురోజు రంగారావు స్థానంలో కూర్చుని తేల్చుకోలేకపోయిన పిల్లవాడు అక్కడ అడిగే ప్రశ్నలు, తేదీలు బట్టీపట్టిన పిల్లవాడికి తట్టవు. చరిత్ర చదువుకు కావలసింది ఆ ప్రశ్నలే.