దారి చూపే బోర్డు ఎవరి బాధ్యత?

ఆదివారం ఆరాధన ముగిశాక గుడి ఆవరణలో నిలబడి చెప్పుకునే మాటల్లో దారి కష్టాలకు ఎప్పుడూ చోటుంటుంది. మలుపు దగ్గర బోర్డు విరిగి కాలువలో పడిందని ఒకరంటారు. టౌనులో సిగ్నల్ లైటు వెలగడం మానేసి నెల దాటిందని ఇంకొకరంటారు. "చెప్పినా ఎవరు వింటారులే" అని మూడో మనిషి ముగిస్తాడు. అందరం ఇళ్ళకు పోతాం. బోర్డు అట్లనే పడి ఉంటుంది.

ఆ మూడో మాట గురించే ఈ వారం రాస్తున్నాం. వినేవారు లేరనుకుంటాం గానీ, చాలాసార్లు మనం చెప్పవలసిన చోట చెప్పి ఉండము. మన కంటికి రోడ్లన్నీ ఒకటే. ప్రభుత్వం లెక్కలో మాత్రం ఒక్కో రోడ్డుకు ఒక్కో యజమాని ఉన్నాడు. కావలి నుండి నెల్లూరు మీదుగా చెన్నై వైపు సాగే 16వ నంబరు జాతీయ రహదారిని జాతీయ రహదారుల సంస్థ చూస్తుంది. రాష్ట్ర రహదారులు, జిల్లా ప్రధాన రోడ్లు రోడ్లు భవనాల శాఖవి. పల్లె రోడ్లు ఎక్కువగా పంచాయతీరాజ్ శాఖవి. నెల్లూరు నగర వీధులు నగరపాలక సంస్థవి. కూడళ్ళలో రాకపోకలను అదుపు చేసేది ట్రాఫిక్ పోలీసులు. పంచాయతీ ఆఫీసులో ఇచ్చిన అర్జీ హైవే మీది బోర్డును నిలబెట్టలేదు.

రోడ్డు ఎవరిదో తెలుసుకునేందుకు ఒక తేలిక గుర్తు ఉంది. కిలోమీటరు రాయి తలకట్టు రంగు చూడండి. పసుపు అయితే జాతీయ రహదారి, ఆకుపచ్చ అయితే రాష్ట్ర రహదారి, నారింజ అయితే పల్లె రోడ్డు. నలుపు లేదా నీలం జిల్లా, నగర రోడ్లకు వాడతారు. ఆ రాయి మీది అంకె కూడా రాసుకుంటే, ఫిర్యాదు అందుకున్న ఇంజనీరు వెతుక్కునే పని లేకుండా నేరుగా అక్కడికే వస్తాడు.

మన తీరంలో ఈ బాధ మరీ ఎక్కువ. ఉప్పుగాలికి ఇనుప స్తంభాలు తుప్పు పడతాయి. అక్టోబరు నుండి డిసెంబరు దాకా వానలు, తుఫాను గాలులు బోర్డులను వంచేస్తాయి. కృష్ణపట్నం ఓడరేవుకు పోయే లారీలు, రొయ్యల బండ్లు, వడ్ల ట్రాక్టర్లు, కార్తీక మాసంలో మైపాడు సముద్ర స్నానాలకు వచ్చే జనం, అందరూ ఈ రోడ్ల మీదనే తిరగాలి. మనకైతే మలుపు తెలుసు, బోర్డు అక్కరలేదు. దారి తెలియని లారీ డ్రైవరుకు రాత్రిపూట ఆ మెరిసే రేకు ఒక్కటే ఆధారం. ఆ లారీకి ఎదురుగా సైకిలు మీద వచ్చేది మన పిల్లలే కావచ్చు. 2022లో దేశమంతటా రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క.

ఫిర్యాదు ఎలా చేయాలి? జాతీయ రహదారి అయితే 1033కు ఫోన్ చేయండి. పట్టణాల్లో పురమిత్ర యాప్ ఉంది. ఏ శాఖదో తేలకపోతే 1100కు ఫోన్ చేయవచ్చు, సోమవారం కలెక్టరేటులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వవచ్చు. అప్పటికప్పుడు ప్రాణాపాయం ఉంటే 112. "మా ఊరి రోడ్డు బాగాలేదు" అని రాస్తే ఫలితముండదు. ఏ ఊరి దగ్గర, రోడ్డుకు ఏ పక్క, ఏ బోర్డు, ఏమైంది, ఎప్పటి నుండి అన్న అయిదు సంగతులు రాసి, ఫొటో జత చేసి, అర్జీ నంబరు తప్పక తీసుకోండి. రెండు వారాల్లో కదలిక లేకుంటే అదే నంబరుతో మళ్ళీ అడగండి. విసుగు లేకుండా అడిగిన విధవరాలి ఉపమానం మనకు తెలియనిది కాదు.

చట్టం కూడా మన పక్షానే ఉంది. రోడ్డు ప్రమాణాలు పాటించకపోవడం వల్ల ప్రాణం పోయినా, అంగవైకల్యం కలిగినా బాధ్యులైన అధికార సంస్థకు, కాంట్రాక్టరుకు లక్ష రూపాయల వరకు జరిమానా వేయవచ్చని 2019లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన 198ఎ సెక్షను చెబుతుంది. అదే చట్టంలోని 116వ సెక్షను మన వంతు కూడా చెప్పింది. కావాలని బోర్డును తీయకూడదు, చెరపకూడదు. పొరపాటున మన బండి తగిలి పాడైతే 24 గంటల లోపల పోలీసులకు తెలియజేయాలి.

ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. పోయిన క్రిస్మస్‌కు మేము గుడి ముందు కట్టిన పెద్ద ఫ్లెక్సీ వెనక మలుపు బోర్డు పూర్తిగా దాగిపోయింది. మూడు రోజుల తరువాత పాలు పోసే ఆయన వచ్చి, "అయ్యగారూ, మీ బ్యానరు వెనక బోర్డుందండీ, రాత్రి బండి మీద వస్తుంటే భయమేసింది" అన్నాడు. రక్షకుడు పుట్టాడని చాటే గుడ్డతోనే దారిన పోయేవారి రక్షణను కప్పేశాం. అప్పటికప్పుడు విప్పించాం. అప్పటి నుండి కన్వెన్షన్ బ్యానరైనా, స్వాగత తోరణమైనా కట్టేముందు వెనక ఏముందో చూస్తున్నాం. ప్రతి సంఘము ఈ నియమం పెట్టుకోవాలని మా మనవి.

పొరపాటున ప్రాణం తీసినవాడు పారిపోయి తలదాచుకోవడానికి ఇశ్రాయేలీయులకు ఆరు ఆశ్రయపురములు ఉండేవి. వాటికి త్రోవ సిద్ధం చేయడం కూడా ద్వితీయోపదేశకాండము 19లో ఆజ్ఞగా ఉంది. పరుగెత్తేవాడు ఆగి దారి అడిగే పని లేకుండా ప్రతి కూడలిలో "ఆశ్రయము" అని రాసి ఉంచేవారని యూదుల తల్మూదు చెబుతుంది. ఊరు కట్టి దారి చూపకపోతే ఆశ్రయం ఉండీ లేనట్టేనని వారు ఎరుగుదురు.

వచ్చే ఆదివారం యౌవనస్థులలో ఇద్దరికి ఈ పని అప్పగించండి. గుడికి వచ్చే దారులన్నీ ఒకసారి చూసి, లోపాలు రాసుకొని, అర్జీ పెట్టమనండి. అర్జీ నంబరును ప్రకటనల వేళ చదవండి. ఈసారి చెట్టు కింద మాటలు "ఎవరు వింటారులే" అన్న చోట ఆగకుండా, "ఆ అర్జీ ఎందాకా వచ్చింది?" అన్న ప్రశ్నతో మొదలు కావాలి.