స్విచ్‌లు, రౌటర్ల అమరికలో కార్యాలయాలు వహించవలసిన జాగ్రత్తలు

(ప్రత్యేక వ్యాసం)

మండల కార్యాలయంలో పౌరుడు సమర్పించిన దరఖాస్తు రాష్ట్ర డేటా కేంద్రానికి చేరవలెనంటే మార్గమధ్యంలోని స్విచ్‌లు, రౌటర్లు సక్రమంగా పనిచేయవలసి ఉంటుంది. రాష్ట్ర రాజధాని నుండి జిల్లాలకు, అక్కడి నుండి మండల స్థాయికి కనీసం 2 ఎంబీపీఎస్ వేగంతో అనుసంధానం కల్పించే లక్ష్యంతో కేంద్ర ప్రభుత్వం 2005 మార్చిలో రూ.3,334 కోట్ల అంచనాతో స్వాన్ పథకాన్ని ఆమోదించింది. అయితే పరికరాల కొనుగోలుతోనే పని పూర్తి కాదు. వాటి అమరిక, అనగా కాన్ఫిగరేషన్, లోపభూయిష్టమైతే సేవలు నిలిచిపోతాయి.

ఏ పరికరం ఏమి చేస్తుంది?

స్విచ్ ఒకే కార్యాలయంలోని కంప్యూటర్లను కలుపుతుంది. రౌటర్ వేర్వేరు నెట్‌వర్క్‌లను కలిపి, ఐపీ చిరునామా ఆధారంగా సమాచారానికి మార్గం నిర్ణయిస్తుంది. వీలాన్ విధానం ద్వారా ఒకే స్విచ్‌ను పలు విభాగాలుగా విభజించవచ్చును. ప్రజలు వినియోగించే కంప్యూటర్లను, ఖాతాల విభాగపు కంప్యూటర్లను ఈ విధంగా వేరుచేసి, వాటి మధ్య రాకపోకలను రౌటర్‌లోని అనుమతి నిబంధనలతో నియంత్రించవచ్చును.

తప్పనిసరి జాగ్రత్తలు

* అనేక పరికరాలలో చేసిన మార్పులు తొలుత తాత్కాలిక స్మృతిలోనే ఉంటాయి. వాటిని శాశ్వత స్మృతిలో భద్రపరచని పక్షంలో విద్యుత్ పోయి వచ్చిన వెంటనే చెరిగిపోతాయి.
* తయారీదారు ఇచ్చిన సంకేతపదాన్ని మొదటి రోజునే మార్చవలెను. 2018 మే నెలలో వెల్లడైన వీపీఎన్‌ఫిల్టర్ అనే హానికర ప్రోగ్రాం కనీసం 54 దేశాలలో సుమారు 5 లక్షల పరికరాలకు సోకింది. సరిదిద్దని పాత లోపాలు, మార్చని సంకేతపదాలు ఇటువంటి దాడులకు ద్వారాలు.
* టెల్‌నెట్ విధానంలో సంకేతపదం బహిరంగంగా ప్రయాణిస్తుంది. దూరం నుండి నిర్వహణకు ఎస్‌ఎస్‌హెచ్‌నే వాడవలెను.
* పరికరాల గడియారాలు సరైన సమయాన్ని చూపవలెను. సమయం తప్పినచో చొరబాటు ఎక్కడ మొదలైనదో నమోదుల ద్వారా తేల్చడం దుర్లభం.

సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న జారీచేసిన ఆదేశాల ప్రకారం సైబర్ సంఘటనలను గుర్తించిన 6 గంటలలోగా తెలియజేయవలెను. నమోదులను 180 రోజులు భద్రపరచవలెను. ఈ నిబంధనల అమలు రౌటర్ అమరికతోనే ఆరంభమవుతుంది.

ప్రతి మార్పు అనంతరం అమరిక ప్రతిని వేరొకచోట భద్రపరచినచో, పరికరం చెడిపోయినప్పుడు కొత్తదానిని త్వరగా సిద్ధం చేసి పౌర సేవలను పునరుద్ధరించవచ్చును.