ఇల్లాలికి ఒక అరగంట నడక

ఫజ్ర్ అజాన్ వినిపించగానే ఇంటి యజమాని మస్జిద్‌కు బయలుదేరుతాడు. వెళ్లడానికి ఐదు నిమిషాలు, రావడానికి ఐదు నిమిషాలు. ఐదు పూటలా జమాఅత్‌కు వెళ్లే వ్యక్తి ఇలా తెలియకుండానే రోజుకు యాభై నిమిషాలు నడుస్తాడు. ఆ దారిలో చల్లగాలి తగులుతుంది, తెలిసినవారి సలాములు వినిపిస్తాయి, ఎవరితోనో రెండు మంచి మాటలు కలుస్తాయి.

అదే ఇంట్లో ఇల్లాలు ఫజ్ర్ నమాజు ముగించుకొని వంటగదిలోకి వెళుతుంది. పిల్లల టిఫిను, బట్టలు, మధ్యాహ్న భోజనం, అత్తగారి మందులు, సాయంత్రం పిల్లల చదువు. రోజంతా ఆమె కాళ్లకు విశ్రాంతి లేదు. కానీ ఆమె ఎక్కడికీ నడవలేదు.

“ఇంట్లో అంత పని చేస్తోంది కదా, ఇంకా నడక ఎందుకు?” అని అడిగేవారున్నారు. ఇంటిపని శరీరానికి శ్రమే, అందులో సందేహం లేదు. అయితే ఆ పని చేస్తున్నంతసేపూ ఆమె మనసు అవే గోడల మధ్య, అవే చింతల చుట్టూ తిరుగుతూ ఉంటుంది. తీరని అప్పు, పెళ్లి కావలసిన కూతురు, మాట వినని కొడుకు, గల్ఫ్‌లో ఉన్న భర్త. కొన్నాళ్లకు నిద్ర తగ్గుతుంది, చిన్న మాటకే కన్నీళ్లు వస్తాయి, ఇష్టమైన పనిలో కూడా ఉత్సాహం ఉండదు. అప్పుడు ఇంట్లో వినిపించే మాట ఒక్కటే: “నీకు ఈమాన్ తక్కువైంది. నమాజు సరిగా చేయి.”

దిగులు విశ్వాసలోపం కాదు

ఈ మాట అనేముందు మనం ఒకసారి ఆలోచించాలి. కుమారుడు యూసుఫ్ (అలై) దూరమైన దుఃఖంతో ప్రవక్త యాఖూబ్ (అలై) కళ్లు తెల్లబడిపోయాయని దివ్య ఖుర్ఆన్ మనకు తెలియజేస్తున్నది. ఆయన విశ్వాసాన్ని ఎవరు శంకించగలరు? హజ్రత్ ఖదీజా (రజి), పెదతండ్రి అబూ తాలిబ్ మరణించిన సంవత్సరం ఇస్లామీయ చరిత్రలో దుఃఖ సంవత్సరంగా నిలిచిపోయింది. దైవప్రవక్త ముహమ్మద్ (స) తరచూ చేసిన ఒక దుఆలో చింత, దుఃఖం, అశక్తత, సోమరితనం వీటన్నిటి నుండి అల్లాహ్ శరణు కోరారని సహీహ్ బుఖారీలో ఉన్నది. మనసును కుంగదీసేవి, శరీరాన్ని కదలనివ్వనివి ఒకే దుఆలో పక్కపక్కనే ఉండటం గమనించదగినది. అనుభవంలో కూడా ఆ రెండూ ఒకదానినొకటి పెంచి పోషిస్తాయి. దిగులు మనిషిని కూర్చోబెడుతుంది. కూర్చుండిపోవడం దిగులును పెంచుతుంది.

ఈ చక్రాన్ని తెంచడానికి నమాజు, దుఆ, జిక్ర్ మూలాధారాలు. వాటితోపాటు అల్లాహ్ ప్రసాదించిన కారణాలను ఉపయోగించుకోవడం కూడా తవక్కుల్‌లో భాగమే. ప్రతి వ్యాధికీ అల్లాహ్ స్వస్థతను కూడా అవతరింపజేశాడన్నది ప్రవక్త (స) బోధన. నడక అటువంటి ఒక సులభమైన కారణం.

పరిశోధనలు చెబుతున్నదేమిటి?

1999లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు తీవ్రమైన కుంగుబాటుతో బాధపడుతున్న, యాభై ఏళ్లు దాటిన 156 మందిపై ఒక అధ్యయనం ప్రచురించారు. ఒక వర్గానికి మందులు, మరొక వర్గానికి వారానికి మూడుసార్లు చురుకైన నడక లేదా నెమ్మది పరుగు, మూడవ వర్గానికి రెండూ ఇచ్చారు. మొదట్లో మందు త్వరగా పనిచేసింది. కానీ 16 వారాలు పూర్తయ్యేసరికి మూడు వర్గాలవారిలోనూ మెరుగుదల దాదాపు సమానంగా కనిపించింది.

2022లో లక్షా తొంభై వేలకు పైగా వ్యక్తుల వివరాలను కలిపి పరిశీలించిన మరో అధ్యయనం వెలువడింది. వారానికి రెండున్నర గంటల చురుకైన నడకకు సమానమైన వ్యాయామం చేసేవారిలో, ఏమీ చేయనివారితో పోల్చితే, కుంగుబాటు ముప్పు సుమారు 25 శాతం తక్కువగా ఉన్నది. అందులో సగం చేసినవారిలో కూడా 18 శాతం తక్కువగా కనిపించింది. అంటే ఏమీ చేయని స్థితి నుండి కొంచెం చేసే స్థితికి రావడంలోనే ఎక్కువ మేలున్నది.

దీనికి కారణాలు అనేకం. నడిచేటప్పుడు మెదడుకు రక్తప్రసరణ పెరుగుతుంది. ఉదయపు వెలుగు శరీరంలోని గడియారాన్ని సరిచేసి రాత్రి నిద్రకు తోడ్పడుతుంది. ఒకే బాధను మళ్లీ మళ్లీ నెమరువేసే అలవాటు, ముఖ్యంగా చెట్ల మధ్య నడిచినప్పుడు, తగ్గుతుంది.

ఒక తల్లి అడుగులు

ఆందోళనతో నిండిన ఒక తల్లి నడక మన ఆరాధనలో శాశ్వతంగా నిలిచిపోయింది. నీటిచుక్క లేని లోయలో దప్పికతో తల్లడిల్లుతున్న పసిబిడ్డను చూసి హజ్రత్ హాజిరా (అలై) సఫా, మర్వా కొండల మధ్య ఏడుసార్లు తిరిగారు. జమ్‌జమ్ ఆమె అడుగుల ఫలం కాదు, అల్లాహ్ అనుగ్రహం. కానీ ఆమె నిరాశతో కూలబడిపోలేదు. నేటికీ హజ్, ఉమ్రాలకు వెళ్లే ప్రతి పురుషుడూ, ప్రతి స్త్రీ ఆ తల్లి నడిచిన దారిలోనే సయీ చేస్తున్నారు. ఆ దారిలో నడిచి వచ్చిన మనం, మన ఇంటి తల్లి అరగంట నడుస్తానంటే “ఎందుకు?” అని అడగడం సబబేనా?

దైవప్రవక్త (స) కుటుంబ జీవితాన్ని చూడండి. ఒక ప్రయాణంలో ఆయన హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగుపందెం వేశారు, ఆమె గెలిచారు. తరువాత మరో సందర్భంలో ఆయన గెలిచి, ఇది నాటి పందేనికి బదులని సరదాగా అన్నారు. రమజాన్ చివరి పది రోజుల్లో ఏతికాఫ్‌లో ఉన్న ఆయనను చూడడానికి హజ్రత్ సఫియ్యా (రజి) వచ్చారు. ఆమె తిరిగి వెళ్లేటప్పుడు ఆయన లేచి ఆమెకు తోడుగా నడిచారు. అంతటి ఆరాధనా సమయంలో కూడా భార్యతో కలిసి నాలుగు అడుగులు వేయడానికి ఆయనకు తీరిక దొరికింది.

ఎలా ప్రారంభించాలి?

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు సూచించేది వారానికి కనీసం 150 నిమిషాల మధ్యస్థ వ్యాయామం. అంటే ఐదు రోజులు అరగంట చొప్పున. ఒకేసారి కుదరకపోతే పది నిమిషాల చొప్పున మూడుసార్లు నడవవచ్చు. మాట్లాడగలిగేంత, కానీ పాట పాడలేనంత వేగం సరిపోతుంది. మోకాళ్ల నొప్పి, గుండెజబ్బు ఉన్నవారు ముందుగా వైద్యుణ్ణి సంప్రదించాలి.

మన ప్రాంతపు ఎండల్లో ఫజ్ర్ తరువాతి సమయం ఉత్తమం. బయటికి వెళ్లే వీలుంటే ఇరుగుపొరుగు స్త్రీలు ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లవచ్చు. భర్తగానీ, కొడుకుగానీ తోడు వస్తే మరీ మంచిది. హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్ వంటి ఉద్యానవనాలు అందుబాటులో లేనివారికి ఇంటి డాబా చాలు. ఫోను ఇంట్లో ఉంచి, నాలుకపై జిక్ర్‌తో నడవండి. పక్కపక్కన నడిచేటప్పుడు ఎదురెదురుగా కూర్చొని చెప్పలేని మాటలు కూడా బయటికి వస్తాయి. భర్తలు అప్పుడు సలహాలకు తొందరపడకుండా వింటే చాలు.

నడక చాలనప్పుడు

నడక అన్నిటికీ మందు కాదు. దిగులు రెండు వారాలకు మించి కొనసాగినా, నిద్ర, ఆహారం దెబ్బతిన్నా, ప్రసవానంతరం తల్లి బిడ్డను చూసి కూడా స్పందించకపోయినా వైద్యుణ్ణి కలవాలి. చనిపోవాలన్న మాట నోట వస్తే ఒక్కరోజు కూడా ఆలస్యం చేయరాదు. ప్రభుత్వ టెలిమానస్ ఉచిత సహాయ కేంద్రం 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. వైద్యుడిచ్చిన మందులను నడక మొదలుపెట్టామని సొంతంగా మానరాదు.

సోదరులారా! రేపు ఫజ్ర్ నమాజు నుండి తిరిగి వచ్చాక టీ అడగడానికి ముందు, “పద, కాసేపు నడిచొద్దాం” అని ఆమెను పిలవండి. ఆమె నమ్మకపోవచ్చు, పని ఉందనవచ్చు. ఆ పనిలో కొంత మీరు పంచుకోండి, టిఫిను అరగంట ఆలస్యమైతే ఓర్చుకోండి. అల్లాహ్ మన ఇళ్లను ప్రశాంతతకు నిలయాలుగా చేయుగాక! ఆమీన్.